కరగని జెల్లీ: మా అమ్మాయి సైన్స్ ప్రాజెక్టు డైరీ

మా పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం కదా, ఆ రోజు స్కూల్లో ఎగ్జిబిషన్ పెడతారు. ఏటా థర్మాకోల్ అగ్నిపర్వతాలు, గిరగిరా తిరిగే గ్రహాలు. ఈసారి వాళ్ల సైన్స్ టీచరుగారు "బొమ్మలొద్దు, ఏదైనా ఒక ప్రశ్న పట్టుకుని మీరే తేల్చండి" అన్నారట. నేను చదివింది బీకాం. అయినా ఇందులో దూరాను, ఎందుకు దూరానురా బాబూ అని మధ్యలో రెండు మూడు సార్లు అనుకున్నాను కూడా. తర్వాత మర్చిపోతానని ఏ రోజుకారోజు రాసుకున్నవి ఇవి.

ఫిబ్రవరి 2, ఆదివారం

మాది రాజమండ్రి. ఆదివారం మటన్. మాంసం ముదురుగా ఉందని మా అమ్మ ఉడుకుతున్న గిన్నెలో పచ్చి బొప్పాయి ముక్క పడేసింది. "ఎందుకు నానమ్మా?" అంటే "మెత్తబడుద్ది" అంది. ఎందుకు మెత్తబడుతుంది అంటే "మా అత్తగారూ ఇలాగే వేసేది" అంది. అక్కడితో ప్రశ్న దొరికింది.

సాయంత్రానికల్లా మా అమ్మాయి ప్రాజెక్టు పుస్తకంలో "పచ్చి బొప్పాయిలో పపైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది మాంసంలోని ప్రోటీన్లను విడగొడుతుంది" అని రాసేసి, ఇక అట్ట వేయడమే తరువాయి అన్నట్టు కూర్చుంది. అది నెట్‌లో చూసి రాసిన జవాబు. "ఇది తప్పయితే మనకి ఎలా తెలుస్తుంది?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించి "ఏదైనా ప్రోటీన్ మీద వేస్తే కరగాలి, ప్రోటీన్ కాని దాని మీద వేస్తే కరగకూడదు" అంది. ఆ రెండో సగం ఎంత విలువైనదో ఆ రోజు నాకూ తెలీదు, దానికీ తెలీదు. అప్పటికి మొదటి సగమే పట్టుకున్నాం.

మటన్ మెత్తదనాన్ని కొలవడం మా వల్ల కాదు. జెల్లీ అయితే స్కేలు పెట్టి ఎంత కరిగిందో మిల్లీమీటర్లలో చెప్పొచ్చు. జెల్లీ అంటే జెలటిన్, అది ప్రోటీనే. కాబట్టి జెల్లీ.

ఫిబ్రవరి 4

కిరాణా కొట్లో జెలటిన్ అడిగాను. లేదండీ, ఇదీ అదీ ఒకటే అని చైనా గ్రాస్ ప్యాకెట్ ఇచ్చాడు. చూడ్డానికి ఎండిన సేమియా కట్టలా ఉంది. వేడినీళ్లలో మరిగించి గ్లాసుల్లో పోస్తే బ్రహ్మాండంగా గడ్డ కట్టింది, ఫ్రిజ్ కూడా అక్కర్లేకుండానే. పచ్చి బొప్పాయి తురిమి, గుడ్డలో పిండి, ఆ రసం రెండు గ్లాసుల మీద, ఉత్త నీళ్లు రెండు గ్లాసుల మీద పోశాం. పిండింది నేను. వేళ్ల మధ్య దురద మొదలైంది. బొప్పాయి పాలు చర్మానికి పడవని అప్పుడు తెలిసింది, ఆ తర్వాత గ్లౌజులు లేకుండా ముట్టుకోలేదు.

ఫిబ్రవరి 5, 6, 7

ఏమీ కాలేదు. రసం రెట్టింపు చేశాం, వేరే కాయ తెచ్చాం, రాత్రంతా ఉంచాం. గ్లాసు వంచితే రసం జారిపోయి కింద జెల్లీ చెక్కుచెదరకుండా కనిపిస్తోంది. పిల్లకి టెన్షన్, "నాన్నా, అగ్నిపర్వతం చేసుకుంటాను" అనేసింది. నాకూ కాయలోనే ఏదో లోపం అనిపించింది. మనం అనుకున్నది తప్పు అనుకోవడానికి మనసు ఎంతకీ ఒప్పుకోదు, కాయని తిట్టడానికి మాత్రం తయారుగా ఉంటుంది.

ఫిబ్రవరి 8

గొడవ తేల్చింది మా అమ్మ. ఫ్రిజ్‌లోంచి నిన్నటి మేక కాళ్ల పులుసు తీసి "మీరు తెచ్చిన గడ్డి ఎందుకురా, ఇదిగో జెల్లీ" అని గిన్నె తలకిందులుగా పట్టుకుంది. చుక్క కింద పడలేదు. కాళ్లలోని ఎముకలు, స్నాయువులు, చర్మంలో ఉండే కొల్లాజెన్ గంటల తరబడి ఉడికితే జెలటిన్ అవుతుంది, చల్లారితే గడ్డ కడుతుంది. అప్పుడు చైనా గ్రాస్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చదివాను (ముందే చదవాల్సింది). అది సముద్రపు నాచు, అంటే అగర్. మన్నార్ సింధుశాఖలో రామేశ్వరం వైపు ఇలాంటి నాచు ఏరుకుని బతికే ఆడవాళ్లున్నారు. అగర్ ప్రోటీన్ కాదు, చక్కెర అణువులు బారుగా అల్లుకున్న పిండిపదార్థం లాంటిది.

నాకు అర్థమైనంతలో రాస్తున్నా. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల దండ. 20 రకాల పూసలు, ఏది ఏ వరసలో వస్తుందో దాన్నిబట్టి ఆ దండ తనంతట తాను ముడుచుకుని ఒక ఆకారంలోకి వస్తుంది. పూసకీ పూసకీ మధ్య ఉండే ముడి పేరు పెప్టైడ్ బంధం. పపైన్ తెంపేది ఆ ముడినే. అగర్‌లో పూసలు వేరు, ముడులు వేరు. కాబట్టి మూడు రోజుల పాటు మేం తాళమే లేని తలుపుకి తాళంచెవి పెట్టి తిప్పుతూ కూర్చున్నామన్నమాట.

కొల్లాజెన్ గురించి ఇంకో సంగతి చదివి పిల్లకి చెప్పాను. మూడు గొలుసులు ఒకదాన్నొకటి పెనవేసుకుని తాడులా ఉంటుందని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కార్తా ప్రతిపాదించారు. ప్రతి మూడో పూసా గ్లైసీన్. అన్నిటికన్నా చిన్నది అదే, అందుకే తాడు మధ్య ఇరుకులో అది పడుతుంది. ముదురు మాంసం నమలలేకపోవడానికి చాలావరకు ఈ తాళ్లే కారణం.

ఫిబ్రవరి 9

కేకుల సామాన్లు అమ్మే కొట్లో అసలు జెలటిన్ పొడి దొరికింది. 200 మి.లీ. నీళ్లకి 10 గ్రాములు, బీట్‌రూట్ రంగు రెండు చుక్కలు. గ్లాసులు మానేసి ఖాళీ హోమియో సీసాలు పట్టుకొచ్చాం, పక్కన గ్రాఫ్ కాగితం అతికిస్తే గీతలు లెక్కపెట్టొచ్చు. ఉదయం 8కి రసం పోశాం, పదకొండున్నరకి చూస్తే జెల్లీ మొత్తం నీళ్లు! పిల్ల గంతులేసింది. నేనూ వేసేవాడినే, పక్కనున్న ఉత్తనీళ్ల సీసా కళ్లబడకపోతే. అదీ కరిగిపోయింది.

రాజమండ్రిలో ఫిబ్రవరి మధ్యాహ్నం వంటగది అంటే 32 డిగ్రీలు. జెలటిన్ కరగడానికి దాదాపు అంతే చాలు. మేం బొప్పాయిని కాదు, ఎండని పరీక్షించాం. ఉత్తనీళ్ల సీసా పెట్టడం దండగ అని మూడు రోజుల నుంచి గొణుగుతున్న పిల్ల ఆ తర్వాత మళ్లీ ఆ మాట అనలేదు.

ఫిబ్రవరి 10, 11

ఈసారి అన్నీ ఫ్రిజ్‌లో, 24 గంటలు. చల్లదనంలో ఎంజైమ్ కూడా నెమ్మదిస్తుంది, కానీ తప్పదు. ఒక్కో రకానికి మూడేసి సీసాలు, ఒక్కోదానిలో సిరంజితో కొలిచి 2 మి.లీ. రసం.

ఉత్త నీళ్లు: మూడింట్లోనూ సున్నా. పచ్చి బొప్పాయి: 9, 11, 8 మి.మీ. కరిగింది. పండు బొప్పాయి: 0, 0, 0. వచ్చింది! కాయ పండేకొద్దీ పాలు తగ్గిపోతాయి, పపైన్ ఉండేది ఆ పాలలోనే, కాబట్టి పండుకి సున్నా రావడం సరిగ్గా అతికినట్టే ఉంది. మరీ అతికినట్టు ఉంది, అదే అనుమానం నాకు.

ఎందుకంటే కొలిచేటప్పుడు పక్కనే ఉండి చూశాను. పచ్చి బొప్పాయి సీసా అయితే కళ్లు పెద్దవి చేసి గీత కింద నుంచి లెక్కపెడుతోంది, పండుది అయితే ఒక చూపు చూసి సున్నా రాసేస్తోంది. మోసం కాదు, అది ఏం చూడాలనుకుందో అదే కనబడుతోంది. నాకయినా అంతే.

ఫిబ్రవరి 12, 13

మళ్లీ మొత్తం చేశాం. ఈసారి రసాలు పోసింది మా ఆవిడ. సీసాల మీద రంగురంగుల బొట్టుబిళ్లలు అతికించి, ఏ రంగుకి ఏ రసమో క్యాలెండర్ వెనక రాసి బీరువాలో పెట్టి తాళం వేసింది. కొలిచింది మా చిన్నోడు, ఆరో తరగతి, వాడికి ఈ గొడవే పట్టదు, కొలిస్తే చాక్లెట్ ఇస్తామన్నాం. వాడు చదువుతుంటే అక్క రాసుకుంది. తర్వాత బీరువా తీసి చూసుకున్నాం.

పచ్చి బొప్పాయి 10, 8, 9. నీళ్లు సున్నా. పండు బొప్పాయి 2, 1, 2. అంటే పండులో బొత్తిగా లేకుండా పోలేదు, కొంచెం మిగిలింది, మొన్న అది మా కంటికి కనబడలేదు అంతే. "పాత లెక్క కొట్టేయనా?" అంది. వద్దన్నాను. రెండూ ఉన్నాయి పుస్తకంలో, పక్కన ఎందుకు తేడా వచ్చిందో కూడా ఉంది.

ఫిబ్రవరి 15

మరిగించే పరీక్ష. వేడికి ప్రోటీన్ ఆకారం చెదిరిపోతుంది, దండ తెగదు కానీ ముడత విప్పుకుంటుంది, కోడిగుడ్డు తెల్లసొన ఉడికాక మళ్లీ పచ్చిది కాదు కదా, అలాగ. ఎంజైమ్ పని అంతా దాని ఆకారంలోనే ఉంది కాబట్టి మరిగిస్తే పని ఆగిపోవాలి. పుస్తకంలో అలాగే ఉంది.

పోలికకి అనాస కూడా తెచ్చాం, అందులో బ్రొమెలైన్ అని ఇలాంటి ఎంజైమే ఉంటుంది. రెండు రసాల్నీ రెండేసి నిమిషాలు మరిగించాం. అనాస: పచ్చి రసం 7, మరిగించింది 0. బొప్పాయి: పచ్చిది 9, మరిగించింది 3.

మూడా! పిల్లకి నచ్చలేదు. సరిగ్గా మరగలేదేమో, తీసేద్దామా అంది. మళ్లీ చేస్తే 4 వచ్చింది. ఇరవై నిమిషాలు మరిగిస్తే అప్పుడు సున్నా. తర్వాత చదివితే తెలిసింది, పపైన్ వేడికి బాగా ఓర్చుకునే రకమట, 60-70 డిగ్రీల దగ్గర ఇంకా చురుగ్గా పనిచేస్తుంది కూడా. 212 అమైనో ఆమ్లాల గొలుసు రెండు ముద్దలుగా ముడుచుకుని, ఆ రెండిటి మధ్య ఇరుకు సందులో కోత జరుగుతుంది. గొలుసుని లోపలి నుంచి మూడు గంధకపు వంతెనలు పట్టి ఉంచుతాయి. ఈ ఆకారాన్ని ఎక్స్-కిరణాలతో 1968లోనే తేల్చారు. మా మూడు మిల్లీమీటర్లు తప్పు కాదు. "వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది" అని ఒక్క ముక్కలో రాసుకున్న వాక్యమే పొట్టిగా ఉంది, ఎంత వేడికి, ఎంతసేపటికి, ఏ ఎంజైమ్ అన్నది అందులో లేదు.

ఇక్కడో పిట్టకథ. అసలు ఎంజైమ్‌లు ప్రోటీన్లేనా అన్నదే వందేళ్ల కిందట పెద్ద తగాదా. 1926లో అమెరికాలో జేమ్స్ సమ్నర్ అనే ఆయన, మన తమ్మకాయకి దగ్గరి చుట్టమైన జాక్ బీన్ గింజల్లోంచి యూరియేజ్ అనే ఎంజైమ్‌ని స్ఫటికాలుగా తీసి, ఇదిగో ఇది ప్రోటీన్ అన్నాడు. జర్మనీ పెద్దలు నమ్మలేదు. ఇరవై ఏళ్లకి, 1946లో, నోబెల్ ఇచ్చారు. కుర్రాడిగా ఉన్నప్పుడు వేటలో తూటా తగిలి ఎడమ చెయ్యి పోయింది ఆయనకి, అంతకుముందు ఎడమచేతి వాటం. ఆ ముక్క విన్నాక మా అమ్మాయి సీసా జారి పగిలినందుకు ఏడుపు ఆపేసింది.

ఫిబ్రవరి 17

స్కూల్ మైక్రోస్కోప్. ఉల్లిపొర మీద సాఫ్రనిన్ అనే రంగు వేస్తే ఇటుకల గోడలా కణాలు, ఒక్కో దానిలో ఎర్రటి చుక్కలా కేంద్రకం. పచ్చి బొప్పాయి పలచటి ముక్క కోసి, పాలు ప్రవహించే నాళాలు చూద్దామనుకున్నాం. దొరకలేదు, ముక్క పలచగా కోయడం మాకు రాలేదు. పపైన్ కనిపిస్తుందా అని అడిగింది. కనిపించదు. మామూలు మైక్రోస్కోప్‌లో 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒకటిగానే కనబడతాయి, పపైన్ అణువు కొన్ని నానోమీటర్లే.

కానీ ఇంటికొచ్చే దారిలో స్కూటర్ మీద వెనక నుంచి ఒక ప్రశ్న అడిగింది, అది నాకు బాగా నచ్చింది. "నాన్నా, బొప్పాయి కణాల్లో కూడా ప్రోటీన్లు ఉంటాయి కదా, మరి పపైన్ వాటినే ఎందుకు తినేయదు?" నా దగ్గర జవాబు లేదు. రాత్రి వెతికాం. కణం పపైన్‌ని తయారు చేసేటప్పుడే, అంటే కేంద్రకంలోని డీఎన్‌ఏ నుంచి నకలు తీసుకుని రైబోజోమ్ ఒక్కో పూసా గుచ్చేటప్పుడే, ముందు భాగంలో అదనంగా ఇంకో తోక కూడా గుచ్చుతుంది. ఆ తోక వచ్చి కోత కోసే సందుని మూసేస్తుంది. ఒరలో ఉన్న కత్తి అన్నమాట. ఆ తోక తెగిపోతేనే కత్తి బయటికొస్తుంది. పైగా పాలన్నీ వాటికంటూ ఉన్న నాళాల్లోనే ఉంటాయి. పురుగు కొరికితే పాలు కారతాయి, కారిన పాలు పురుగు పొట్ట సంగతి చూసుకుంటాయి.

ఫిబ్రవరి 20

ల్యాబ్‌లో టీచరుగారి ముందు బైయురెట్ పరీక్ష. సోడియం హైడ్రాక్సైడ్, ఆపైన మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ద్రావణం చుక్కలు. ప్రోటీన్ ఉంటే ఊదా రంగు, లేకపోతే నీలంగానే ఉంటుంది. జెలటిన్: ఊదా. చైనా గ్రాస్: నీలం. మూడు రోజుల అవమానానికి జవాబు పరీక్ష నాళికలో కనబడింది.

బొప్పాయి కరిగించేసిన జెలటిన్‌లో ఊదా రంగు పోవాలని పిల్ల అంచనా. పోలేదు, ఊదాయే. ప్రోటీన్ "విడిపోయింది" కదా, మరి ఇదేంటి? టీచరుగారు వెంటనే చెప్పలేదు, ముందు ఇంకో ప్రశ్న వేశారు: "బొప్పాయి రసంలోనే ప్రోటీన్ ఉంటుంది కదమ్మా, ఆ రంగు దానిది కాదని నీకెలా తెలుసు?" మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అంతే నీళ్లలో అంతే రసం కలిపి విడిగా చేస్తే చాలా లేత రంగు వచ్చింది, కాబట్టి చిక్కటి ఊదా జెలటిన్‌దే. బైయురెట్‌లో రాగి పట్టుకునేది ఆ పెప్టైడ్ ముడుల్నే. పపైన్ దండని ముక్కలు చేస్తుంది తప్ప పూసపూసా విడదీయదు, ముక్కల్లో ఇంకా బోలెడు ముడులుంటాయి. జెల్లీగా నిలబడాలంటే పొడవాటి దండలు ఒకదానికొకటి చిక్కుపడాలి, పొట్టి ముక్కలకి అది చేతకాదు. కరగడం అంటే మాయమైపోవడం కాదని నాకు నలభై మూడో ఏట అర్థమైంది.

ఫిబ్రవరి 22

ఇది దొరకడం అదృష్టం. చైనా గ్రాస్ గురించి వెతుకుతుంటే 1881 జర్మనీకి వెళ్లి తేలాను. రాబర్ట్ కోహ్ ల్యాబ్‌లో సూక్ష్మజీవుల్ని జెలటిన్ మీద పెంచేవారు. రెండు తలనొప్పులు. ఒకటి, వెచ్చగా ఉంటే జెలటిన్ కరిగిపోతుంది. రెండు, కొన్ని బ్యాక్టీరియాలు తమ ఎంజైమ్‌లతో దాన్ని తినేసి నీళ్లు చేసేస్తాయి. అంటే మా ఫిబ్రవరి 9 వంటగదీ, మా బొప్పాయీ రెండూ ఆయన ల్యాబ్‌లో అప్పటికే ఉన్నాయి! అక్కడ పనిచేస్తున్న వాల్టర్ హెస్సెకి ఆయన భార్య ఫానీ హెస్సె చెప్పింది, నా జెల్లీలు ఎండాకాలంలో కూడా కరగవు, అగర్ వేసి చూడు అని. జావాలో ఉండి వచ్చిన పరిచయస్థుల దగ్గర నేర్చుకున్న వంటింటి చిట్కా అది. మరుసటి ఏడు క్షయ బ్యాక్టీరియా మీద రాసిన వ్యాసంలో కోహ్ అగర్‌ని ప్రస్తావించాడు గానీ ఆవిడ పేరు చెప్పలేదు. ఇవాళ్టికీ ల్యాబుల్లో పెట్రీ డిష్‌లలో పోసేది అగరే.

మా అమ్మాయి చార్టు మొత్తం చించేసి కొత్తది మొదలుపెట్టింది. పాత చార్టులో చైనా గ్రాస్ ఊసే లేదు, సిగ్గుపడి దాచేసింది. కొత్తదానిలో మొదటి వరసే అది: ప్రోటీన్ కాని జెల్లీ, పచ్చి బొప్పాయి రసం, 0 మి.మీ. ఈసారి మళ్లీ మూడు సీసాలు, బొట్టుబిళ్లలతో సహా చేసి మరీ రాసింది. పుల్లటి రసం వల్ల జెల్లీ కరిగిందేమో, రసం బరువుకి నొక్కుకుపోయిందేమో అని ఎవరడిగినా ఆ వరస చూపిస్తే సగం జవాబు, మరిగించిన రసం వరస చూపిస్తే మిగతా సగం.

ఫిబ్రవరి 28

ఐస్‌బాక్స్‌లో సీసాలు పట్టుకుని వెళ్లాం. జడ్జిగా వచ్చిన లెక్చరర్ గారు నేరుగా చైనా గ్రాస్ సీసా తీసి "ఇది పనిచేయలేదు కదా, ఎందుకు పెట్టావు?" అన్నారు. "పనిచేయకూడదు సార్, అందుకే పెట్టాను" అంది. ఆయన నవ్వలేదు, ఒక్కో సీసా ఎత్తి చూశారు, మొదటిసారి లెక్కకీ రెండోసారి లెక్కకీ తేడా ఎందుకో అడిగి, బొట్టుబిళ్లల దగ్గర మాత్రం నవ్వారు. రెండో బహుమతి. మొదటిది తిరిగే సౌర కుటుంబానికి, పోనీలెండి.

మార్చి 2, ఆదివారం

మళ్లీ మటన్. పొయ్యి మీద గిన్నె కుతకుతలాడుతోంది, మా అమ్మ బొప్పాయి ముక్క పట్టుకుని నిలబడింది. "నానమ్మా, అలా మరిగేదాంట్లో వేస్తే కాసేపటికే దాని పని అయిపోద్ది, ముందే తురిమి ముక్కలకి పట్టించి ఉంచాలి" అని పిల్ల అడ్డుపడింది. "నలభై ఏళ్ల నుంచి వేస్తన్నానే, మెత్తబడలేదా?" అని మా అమ్మ. బొప్పాయి వల్లే మెత్తబడిందో, రెండు గంటలు ఉడికినందుకు మెత్తబడిందో, బొప్పాయి లేకుండా ఒక గిన్నె ఎప్పుడైనా వండితే కదా తెలిసేది. నేను ఆ మాట అనలేదు, పిల్ల అనేసింది.

వచ్చే ఆదివారం మూడు గిన్నెలు: ముందే పట్టించింది, మరుగుతుండగా వేసింది, అసలు వేయనిది. మాంసం ఒకే కొట్లో, ఒకే తొడ నుంచి, ఉడికే సమయం ఒకటే. ఏది ఏదో మా ఆవిడ బీరువాలో పెడుతుంది, తిని చెప్పేది చిన్నోడూ, నేనూ, పక్కింటి వాళ్లూ. మా అమ్మ అన్నిటికీ ఒప్పుకుంది గానీ, తను వండిన గిన్నెకి బొట్టుబిళ్ల అతికిస్తే మాత్రం ఊరుకోనంది.